ఇంగ్లండ్‌ల చిన్న ఊరికి పోయిన అమ్మానాన్నలు ఆ ఊరిని ఎట్ల చూడాలె

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కుకెళ్లి ఇప్పుడు మస్తు మంది పెద్దోళ్లు బిడ్డ పురుడుకనో మనవణ్ణి చూసుకోవడానికనో ఇంగ్లండ్ పోతున్నరు, విజిటర్ వీసా మీద 6 నెలల దాకా ఉండొచ్చు కదా. కానీ అందరి పిల్లలు లండన్‌ల ఉండరు. హాస్పిటల్ జాబో కేర్ హోమ్ జాబో దొరికిన కాడ ఏదో చిన్న టౌన్‌ల సెటిలైతరు, ఇగ ఈ పెద్దోళ్లు వారమంతా ఇంట్ల కూసొని శనివారం కొడుకు కారుల తిప్పుతడని ఎదురు చూసుడే. అట్ల కూసోకండ్రి. కాళ్లు మంచిగుంటే చాలు, ఆ ఊరిని మీ అంతట మీరే చూడొచ్చు, ఇంగ్లీషు గూడ అంత అవసరం పడదు. నేను లడ్‌లో అనే ఊరిని పట్టుకొని చెప్త, ష్రాప్‌షైర్ కౌంటీల వేల్స్ బార్డర్ దగ్గర ఉంటది, జనం పదివేలు అటు ఇటు, అంటే మన దగ్గర మండల కేంద్రమంత. మీ పిల్లలు ఉండేది వేరే ఊరైనా పద్ధతి ఇదే.

ముందుగాల అంగడి ఎప్పుడు పడ్తదో కనుక్కోండ్రి. లడ్‌లోల కోట ముందటి చౌక్‌ల సోమ, బుధ, శుక్ర, శనివారాలు పడ్తది. పొద్దుగాల తొమ్మిదిన్నరకు పోతే కూరగాయలు, చీజ్, బ్రెడ్, చెట్ల కుండీలు అన్నీ ఉంటయి, బేరం ఆడుడు ఉండదు, లైన్ల నిలబడాలె, అది ఒక్కటి యాదిపెట్టుకోండ్రి. పౌండ్లను రూపాయలల్ల లెక్క కట్టుడు కూడ బంద్ పెట్టాలె, లేకుంటే ఒక్క యాపిల్ పండు గూడ నోట్ల పెట్టలేరు. ఇంగ్లండ్‌ల ఇట్లాంటి పాత ఊర్లు చాలా మట్టుకు అంగడి చుట్టే పెరిగినయి, అందుకే చౌక్ నడుమ నిలబడి చుట్టూ చూస్తే పెద్ద చర్చి, పాత హోటల్, బ్యాంకు అన్నీ దగ్గర్లనే కనవడ్తయి.

తర్వాత తల పైకెత్తి నడవండ్రి. కింద షాపు అద్దం కొత్తది ఉంటది, దాన్ని చూసి మోసపోవద్దు, ఊరి వయసు పై అంతస్తుల తెలుస్తది. నల్ల కట్టె దూలాలు, నడుమ తెల్ల సున్నం కనవడ్తే అది చానా పాతది. ఎర్ర ఇటుక గోడ, ఒకే సైజు కిటికీలు వరుసగా ఉంటే 1700ల నాటిది కావచ్చు, కానీ గమ్మతు ఏందంటే కొందరు పాత కట్టె ఇంటికి ముందు గోడ ఒక్కటే ఇటుకతోని కట్టిచ్చుకున్నరు, పక్క సందులకు పోయి చూస్తే అసలు సంగతి బయట పడ్తది. లడ్‌లోల ఫెదర్స్ అని హోటల్ ఉంది, 1619 నాటిది, అంటే గోల్కొండల ముహమ్మద్ కుతుబ్ షా ఏలుతున్న కాలం, ముందటి కట్టె మీద జానెడు జాగ వదలకుండ చెక్కిండ్రు. ఇంక బ్రాడ్ స్ట్రీట్ అని వీధి దిగువకు పోతే చివరకు పాత ఊరి దర్వాజ వస్తది, ఒకప్పుడు ఏడు దర్వాజలుండేవట, నిలిచింది ఇదొక్కటే, దాని నెత్తిమీదనే ఇల్లు కట్టుకొని ఉన్నరు. ఇండ్ల వెనక్కు పోతే సన్నగా పొడుగ్గ జాగలు కనవడ్తయి, వీధి దిక్కు కొంచెమే, వెనక పెరడు చాంతాడంత. అది 800 ఏండ్ల కింద కొలిచి పంచిన హద్దు.

చర్చి లోపలికి పోవుడు మర్వొద్దు. పగలు తెరిచే ఉంటది, చెప్పులు ఇడ్వాల్సిన పని లేదు, మొగోళ్లు టోపీ తీస్తే చాలు, డబ్బా కనవడ్తే తోచింది ఎయ్యండ్రి. ఉన్ని, బట్టల వ్యాపారంతోని వచ్చిన పైసలతోని లడ్‌లోల సెయింట్ లారెన్స్ చర్చి ఇంత పెద్దగైంది. లోపల పాటలు పాడేటోళ్ల కట్టె సీట్లు మడతపెట్టేటియి, వాటి కింద 1400ల నాటి చెక్కుడు పని ఉంది. అందుల ఒకటి నాకు మస్తు నచ్చింది: కొలతల మోసం చేసిన బీరు అమ్మే ఆడామెను దయ్యం భుజానేసుకొని నరకానికి మోసుకపోతున్నది, ఆమె చేతిల బీరు జగ్గు మాత్రం ఇడ్వలే, ఇంకో దయ్యం ఆమె పాపాల చిట్టా చదువుతున్నది, ఇంకొకటి బ్యాగ్‌పైప్ ఊదుతున్నది. మన కల్లు కాంపౌండ్ల కాడ గూడ ఇసొంటిది ఒకటి పెట్టాలె అనిపిస్తది.

కోటకు టికెట్ ఉంటది, అయినా పోండ్రి, ఎందుకంటే ఆ కథ మన దాకా వస్తది. 1502ల ఇంగ్లండ్ రాజు కొడుకు ఆర్థర్ ఇక్కడనే 15 ఏండ్లకు సచ్చిపోయిండు, భార్య కేథరిన్‌ను తర్వాత తమ్ముడు ఎనిమిదో హెన్రీ చేసుకున్నడు. 1689 దాకా వేల్స్ పాలన చూసే కౌన్సిల్ ఈ కోటల నుంచే నడిచింది, అది పోయినంక కోట పాడుబడ్డది. 1811ల దాన్ని కొన్నది ఎవరనుకుంటున్నరు, ప్లాసీ యుద్ధం క్లైవ్ పెద్ద కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. ఈయన 1798 నుంచి 1803 దాకా మద్రాస్ గవర్నర్, 1800ల నిజాం రాయలసీమను కంపెనీకి ఇచ్చేసినప్పుడు మద్రాస్ కుర్చీల ఉన్నది ఈయననే. కృష్ణకు ఈవల మన నల్లగొండ, పాలమూరు నిజాం కిందనే ఉండిపోయినయి. కోట ఇప్పటికీ ఈయన ఖాందాన్ దగ్గరనే ఉంది, వాళ్లను పోవిస్ ఖాందాన్ అంటరు. మనవళ్లకు ఇది అక్కడ నిలబడి చెప్పండ్రి, బళ్లె చెప్తరని నమ్మకం పెట్టుకోకండ్రి.

దినాం బతుకు సంగతి కొంచెం. దుకాణాలు సాయంత్రం ఐదు, ఐదున్నరకు మూస్తరు, ఎండకాలం రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉన్నా బజార్ల మనిషి కనవడడు. ఆదివారం పెద్ద దుకాణాలు 6 గంటలే తెరవాలె, 1994 నాటి చట్టం, కాబట్టి పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలె. బస్సు వస్తుంటే చెయ్యి చాపాలె, దిగేటప్పుడు డ్రైవర్‌కు థ్యాంక్స్ చెప్పాలె, ఇది అందరూ చేస్తరు. చారిటీ షాపులల్ల కౌంటర్ కాడ మన వయసోళ్లే జీతం లేకుండ కూసుంటరు, ఉలన్ స్వెట్టర్లు అగ్గువకు దొరుకుతయి, వాన ముచ్చట తీస్తే చాలు మాట్లాడుతరు. లైబ్రరీల ఎంతసేపైనా కూసోవచ్చు, పాత ఊరి ఫొటోల పుస్తకాలు ఒక అరల ఉంటయి, అడగండ్రి. ఫోన్ వాడొచ్చేటోళ్లు స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌ల ఇంగ్లండ్ పాత మ్యాపులు గూడ ఫ్రీగ చూడొచ్చు, మీ కొడుకు ఉండే కాలనీ వందేండ్ల కింద ఏ చెల్కనో తెలుస్తది. లడ్‌లోకు రైలు 1852ల వచ్చింది, బొంబాయి–ఠాణా రైలు కంటే ఏడాది ముందే.

చివరిది నడక. ఊరు దాటంగనే పసుప్పచ్చ బాణం గుర్తు ఉన్న దారులు ఉంటయి, రైతు పొలం నడుమకెళ్లి పోయినా అది అందరి దారే, ఎవరూ అడ్డుకోరు, కానీ పంట తొక్కుకుంట అడ్డం పడి పోవద్దు. లడ్‌లోల అయితే టీమ్ వాగు దాటి విట్‌క్లిఫ్ గుట్టెక్కితే కోట, చర్చి గోపురం ఒక్కకాడ కనవడ్తయి. వానకు బురద ఎక్కువ, శాండిల్స్ పనికిరావు. గేటు ఎట్లున్నదో చూసి అట్లనే వదలాలె, మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి, ఎందుకంటే లోపల గొర్లుంటయి, అవి రోడ్డెక్కితే రైతు మీ కొడుకు ఇంటికి వస్తడు.