‘పర్కొలేట్’ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

వడకట్టడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన ‘పర్కొలేట్’ అనే ఆంగ్ల క్రియకు, ద్రవం సన్నని సందుల గుండా మెల్లగా దిగడమే మూలార్థం కాబట్టి, దాన్ని ‘ఇంకు’ అన్న మాటతో గుర్తుపెట్టుకోవచ్చు. వాననీరు నేల పైపొరలోకి ప్రవేశించడాన్ని జలశాస్త్రం ‘ఇన్‌ఫిల్ట్రేషన్’ అంటుంది. అక్కడి నుంచి భూగర్భజలం వైపు దిగడమే ‘పర్కొలేషన్’. నీటిని నిలిపి ఇంకించే ఊటకుంటకు ‘పర్కొలేషన్ ట్యాంక్’ అనే పేరు అందుకే వచ్చింది.

వాక్యంలో ఈ క్రియ వెంట సాధారణంగా ‘త్రూ’ గానీ ‘డౌన్’ గానీ రాయాలి. ఆలోచనలు జనంలోకి నిదానంగా చేరడానికీ ఇది చెల్లుతుంది. పుకారు ఒక్క పూటలో ఊరంతా చుట్టేస్తే (మా వైపు తరచూ జరిగేది అదే) చెల్లదు. వాసన గదంతా వ్యాపించిందనడానికి ‘పర్మియేట్’ మేలు.