పీహెచ్‌పీ నేర్చుకుంటూ ఎక్కడ ఆగిపోయారు? లక్షణం, కారణం, పరిష్కారం

వెబ్‌సైట్లు తయారుచేసే భాష పీహెచ్‌పీ మొదలుపెట్టిన చాలామంది కొన్ని వారాలకే "నాకు కోడింగ్ రాదేమో" అని తేల్చేసుకుని వదిలేస్తుంటారు. చాలాసార్లు అసలు ఇబ్బంది భాషతో రాదు, తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం ఎవరూ నేర్పకపోవడంతో వస్తుంది. మీరు రాసిన పేజీ మూడు చోట్ల తిరుగుతుంది. ముందు సర్వర్‌లో పీహెచ్‌పీ నడుస్తుంది, అవసరమైతే మధ్యలో డేటాబేస్‌ని అడుగుతుంది, చివరికి తయారైన హెచ్‌టీఎంఎల్ బ్రౌజర్‌కి చేరుతుంది. ఏ సమస్య వచ్చినా ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి, సగం పని అక్కడే అయిపోతుంది.

"పీహెచ్‌పీ పాతదైపోయింది కదా" అనేవాళ్లను చూసి టెన్షన్ పడొద్దు. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఈ భాషలోనే, సైట్లు కట్టుకోవడానికి వాడే వర్డ్‌ప్రెస్‌ని రాశారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాని నడిపించే మీడియావికీ కూడా ఇందులో రాసిందే.

పేజీ రాకుండా, రాసిన కోడే బ్రౌజర్‌లో కనిపిస్తోంది

అడ్రస్ బార్ చూడండి. అక్కడ "ఫైల్" అని మొదలైందంటే మీరు ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచారు. బ్రౌజర్‌కి పీహెచ్‌పీ తెలియదు, మధ్యలో సర్వర్ ఉండాల్సిందే. విండోస్‌లో జాంప్ (XAMPP, సొంత కంప్యూటర్‌లోనే సర్వర్‌ని నడిపే ప్యాకేజీ) వేసుకున్నవాళ్లు ఫైల్‌ని జాంప్ ఫోల్డర్ లోపలి హెచ్‌టీడాక్స్‌లో పెట్టి, జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ అనే సర్వర్‌ని స్టార్ట్ చేసి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి స్లాష్ తర్వాత ఫైల్ పేరు ఇవ్వాలి. అలా చేసినా కోడే కనిపిస్తుంటే, లేదా "నాట్ ఫౌండ్" అని వస్తుంటే ఫైల్ పేరు చివర అనుమానించండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు డాట్ పీహెచ్‌పీ తర్వాత డాట్ టీఎక్స్‌టీ కూడా అతుక్కుని ఉండొచ్చు, విండోస్ ఆ చివరి ముక్కని దాచేస్తుంది కాబట్టి కంటికి కనబడదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే బయటపడుతుంది.

అపాచీ స్టార్ట్ చేసిన వెంటనే ఆగిపోతోంది

చాలాసార్లు 80వ పోర్టును, అంటే సర్వర్ వాడుకునే దారి నంబరును, ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటుంది, విండోస్ సొంత వెబ్ సర్వర్ ఐఐఎస్ లాంటిది. జాంప్ ప్యానెల్‌లో నెట్‌స్టాట్ బటన్ నొక్కితే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. దాన్ని ఆపండి, లేదా అపాచీ కాన్ఫిగ్ ఫైల్‌లో "లిజన్ 80" అని ఉన్నచోట 8080 పెట్టి, ఇకనుంచి లోకల్‌హోస్ట్:8080 అని తెరవండి.

తెల్ల పేజీ, ఒక్క అక్షరం లేదు

కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఎర్రర్ వచ్చింది కానీ దాన్ని చూపించొద్దని సెట్టింగ్ ఉంది, అంతే. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్ తెరిచి డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆన్ చేయండి, ఎర్రర్_రిపోర్టింగ్ దగ్గర ఈ_ఆల్ పెట్టండి, అపాచీని ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ఇవే లైన్లు మీ కోడ్ పైన రాసుకోమని కొందరు చెబుతారు, కానీ అదే ఫైల్‌లో సింటాక్స్ తప్పు ఉంటే ఆ లైన్లు నడవకముందే అంతా ఆగిపోతుంది, కాబట్టి సెట్టింగ్ మార్చడమే నయం. ఇదంతా మీ సొంత కంప్యూటర్‌లో మాత్రమే, నలుగురూ చూసే సైట్‌లో ఎర్రర్లు బయటికి చూపించకూడదు.

ఇక ఎర్రర్ కనిపించాక దాన్ని చదవాలి. ఎర్ర అక్షరాలు కనబడగానే ట్యాబ్ మూసేసి కోడ్‌లో ఏదో ఒకటి మార్చి చూసే అలవాటు ఉంటే ఇవాళే మానుకోండి. ఆ వాక్యంలో మూడు సంగతులుంటాయి: ఏం జరిగింది, ఏ ఫైల్‌లో, ఎన్నో లైన్‌లో. పార్స్ ఎర్రర్ అంటే మీరు రాసింది పీహెచ్‌పీకి చదవడానికే కుదరలేదు, సెమీకోలనో బ్రాకెట్టో పోయి ఉంటుంది, పైగా చాలాసార్లు అది చెప్పిన లైన్‌లో కాక దాని పై లైన్‌లో ఉంటుంది, ఎందుకంటే సెమీకోలన్ లేదని దానికి తెలిసేది తర్వాతి లైన్‌కి వచ్చాకే. ఫేటల్ ఎర్రర్ అంటే చదివింది, నడిచింది, మధ్యలో ముందుకు పోలేక ఆగింది. వార్నింగ్ అంటే ఆగలేదు కానీ ఏదో తేడాగా ఉంది. ఏ ఎర్రరూ రాకుండా ఫలితం మాత్రం తప్పుగా వస్తుంటే, అనుమానం ఉన్న వేరియబుల్‌ని వార్_డంప్‌లో పెట్టి ప్రింట్ చేయండి. విలువతో పాటు అది అంకెనో, అక్షరాలో, ఖాళీనో కూడా చూపిస్తుంది. ఊహించుకుంటూ కూర్చోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

వీడియోలో నడిచింది నా దగ్గర నడవడం లేదు

ఎర్రర్‌లో మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ అనే ఫంక్షన్ లేదని ఉందా? మీరు చూస్తున్నది పాత పాఠం. ఆ ఫంక్షన్లన్నిటినీ 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో తీసేశారు. పాత వెర్షన్ వెతికి ఇన్‌స్టాల్ చేసుకోవద్దు, పాఠం మార్చుకోండి. డేటాబేస్‌తో మాట్లాడటానికి పీడీఓ గానీ మైఎస్‌క్యూఎల్ఐ గానీ వాడుతున్న, పీహెచ్‌పీ 8 మీద చేసిన పాఠం తీసుకోండి.

ఫామ్ పేజీ తెరవగానే "అన్‌డిఫైన్డ్ అరే కీ" అని వార్నింగ్

ఫామ్ ఇంకా ఎవరూ పంపకముందే మీ కోడ్ అందులోని విలువ అడుగుతోంది. విలువ పక్కన రెండు ప్రశ్నార్థకాలు, అంటే ?? పెట్టి, లేకపోతే ఏం తీసుకోవాలో రాయండి. ఫామ్ పంపాక కూడా వస్తుంటే ఇన్‌పుట్‌కి నేమ్ ఇచ్చారో లేదో చూడండి, ఐడీ ఇచ్చి నేమ్ మరిచిపోవడం మామూలే. ఫామ్‌లో మెథడ్ రాయకపోతే అది గెట్ పద్ధతిలో వెళ్తుంది, మీరు పోస్ట్‌లో వెతికితే దొరకదు.

ఇఫ్ కండిషన్ ఎప్పుడూ నిజమవుతోంది

పోల్చాల్సిన చోట ఒక్క = పెట్టి ఉంటారు, అది విలువని మార్చేస్తుంది. మొదటి రోజు నుంచే === అలవాటు చేసుకోండి. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8కి ముందైతే సున్నాని ఏదో మామూలు పదంతో == పెట్టి పోల్చినా నిజమనే చెప్పేది.

తెలుగులో సేవ్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి

ఇది మనవాళ్లకు తప్పకుండా ఎదురయ్యేది, ఇంగ్లిష్ పాఠాల్లో పెద్దగా చెప్పనిది. టేబులో, డేటాబేస్‌తో కనెక్షనో, రెంటిలో ఒకటి యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాల్నీ దాచగలిగే పద్ధతిలో, లేదు. టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4లో పెట్టండి, కనెక్ట్ అయ్యేటప్పుడు కూడా క్యారెక్టర్ సెట్ అదే ఇవ్వండి, పేజీ హెడ్‌లో మెటా ట్యాగ్‌లో యూటీఎఫ్-8 రాయండి. ఒకసారి ప్రశ్నార్థకంగా సేవ్ అయిన అక్షరం తిరిగి రాదు, మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే. ఇంకో సంగతి, "తెలుగు" అనే మాటని స్ట్రింగ్ పొడవు చెప్పే ఎస్‌టీఆర్‌లెన్‌కి ఇస్తే 18 అంటుంది, ఎందుకంటే అది లెక్కపెట్టేది బైట్లని, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు పడతాయి. ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ అయితే గుణింతపు గుర్తుల్ని కూడా విడిగా లెక్కేసి 6 అంటుంది. మనం చదివే మూడు అక్షరాలే కావాలంటే ఇంటిల్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి గ్రాఫీమ్_ఎస్‌టీఆర్‌లెన్ వాడాలి. పేరు ఇన్ని అక్షరాలు మించకూడదని ఫామ్‌లో హద్దు పెట్టేటప్పుడు ఈ తేడా బాగా దెబ్బకొడుతుంది.

పాఠం అర్థమవుతుంది, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి కదలదు

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లూ, ఇంట్లో కూర్చుని వీడియోలు చూసేవాళ్లూ ఒకేలా చెప్పే ఫిర్యాదు ఇది. కారణం ఏమిటంటే, పాఠంలో తర్వాత ఏం రాయాలో నిర్ణయించేది చెప్పేవాళ్లే, మీరు చేసేది చూసి టైప్ చేయడం. నిర్ణయించడం అనే పని మీకు ఒక్కసారి కూడా తగల్లేదు. ఏఐ రాసిచ్చిన కోడ్ అతికించుకున్నా ఇంతే, నడుస్తుంది, రేపు చిన్న మార్పు కావాలంటే ఎక్కడ ముట్టుకోవాలో తెలియదు.

పాఠం అయ్యాక వీడియో మూసేసి, అదే పని ఇంకో వస్తువు మీద చేయండి. వాళ్లు విద్యార్థుల జాబితా చేస్తే మీరు కిరాణా కొట్టు అప్పుల ఖాతా చేయండి: ఎవరు, ఎంత, ఏ తారీఖు. మొదట కాగితం మీద తెలుగులోనే రాసుకోండి, "పేరు తీసుకో, మొత్తం అంకెనా కాదా చూడు, టేబుల్‌లో వేయి, జాబితా చూపించు" అని. తర్వాత ఒక్కో వాక్యాన్ని కోడ్ చేయండి, ఒక్కోటి రాయగానే బ్రౌజర్‌లో నడిపి చూడండి. యాభై లైన్లు ఒకేసారి రాసి నడిపితే తప్పు ఎక్కడుందో మీకే కాదు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ వెంటనే దొరకదు. ఏఐని అడగొద్దని నేను అనను, కానీ కోడ్ అడిగే ముందు మీ ఎర్రర్‌కి కారణం అడగండి, ఇచ్చిన కోడ్‌లో అర్థం కాని లైన్ ఒక్కటి కూడా మిగలకుండా తేల్చుకున్నాకే వాడండి. ఈ ఖాతా మీ అంతట మీరు పూర్తి చేసేదాకా చాలా పని ముందే చేసిపెట్టే లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ జోలికి వెళ్లొద్దు. అది మంచిదే, ఉద్యోగాల్లో అడుగుతారు కూడా, కానీ ఫంక్షన్, అరే, క్లాస్ తెలియకుండా వెళ్తే అది మీ బదులు చేస్తున్న పని ఏమిటో కనబడదు.

కొన్ని పేర్లు మాత్రం సేవ్ కావడం లేదు

ఖాతాలో డి'సౌజా అనే పేరు వేయగానే ఎస్‌క్యూఎల్ సింటాక్స్ ఎర్రర్ వచ్చిందంటే, మీరు ఫామ్‌లో వచ్చిన విలువని నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కి పంపే ఆదేశంలో, అతికించారు. పేరులోని కొటేషన్ గుర్తు క్వెరీని మధ్యలో తెంపేసింది. ఆయన మంచి ఉద్దేశంతో పేరు కొట్టారు, ఇంకొకరు అదే ఖాళీలో మీ డేటా అంతా లాగే క్వెరీ ముక్క కొడతారు. పీడీఓలో ప్రిపేర్ చేసి, విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, అసలు విలువని ఎగ్జిక్యూట్‌లో ఇవ్వండి. రెండు ఇబ్బందులూ తీరతాయి. లాగిన్ కూడా పెడుతుంటే పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు సేవ్ చేయొద్దు, పాస్‌వర్డ్_హ్యాష్‌తో మార్చి దాచి, పాస్‌వర్డ్_వెరిఫైతో సరిచూడండి. ఈ రెండూ అయ్యేదాకా మీ ఖాతాని ఇంటర్నెట్‌లో పెట్టకండి.