లిఫ్ట్ కిట్ లేకుండా పికప్‌కు పెద్ద టైర్లు ఎలా వేయాలి?

పికప్‌కు ఒక సైజు పెద్దవి, గట్లు లోతుగా ఉన్న టైర్లు వేస్తే బురదలో, రాళ్లదారిలో పట్టు బాగా పెరుగుతుంది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ లేకుండానే ఈ పని చేయొచ్చు. కాకపోతే డబ్బు కట్టే ముందు ఒక గంట కొలతలకు కేటాయించండి. టైరు ఎక్కించాక అది ఆర్చ్‌ను, అంటే చక్రం చుట్టూ ఉండే బాడీ వంపును, రాసుకుంటోందని తెలిస్తే, వాడేసిన టైరును ఎవరూ వెనక్కి తీసుకోరు.

1. సైజు లెక్క వేయండి

టైరు పక్కన 265/70 ఆర్17 అని ఉందనుకోండి. 265 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. ఆ వెడల్పులో 70 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 17 అంగుళాలు రిమ్ సైజు. టైరు మొత్తం ఎత్తు సుమారు 803 మి.మీ. వస్తుంది. అదే రిమ్‌కు 285/70 వేస్తే 831 మి.మీ. తేడా 28 మి.మీ. అయినా బండి లేచేది అందులో సగమే, అంటే 14 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ కోసమే ఈ పని చేయాలనుకునేవారు ఈ అంకె చూశాకే నిర్ణయం తీసుకోవాలి.

కొత్త టైరు లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది, 121 అంటే 1,450 కిలోలు. మీ రిమ్ వెడల్పు ఆ టైరుకు సరిపోతుందో లేదో టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది.

2. ఖాళీ కొలవండి

అసలు పని ఇదే. చక్రాలు తిన్నగా ఉండి బండి ఆగి ఉన్నప్పుడు ఖాళీ ఎప్పుడూ బోలెడంత కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ముందు చక్రం వెనక అంచు దగ్గర చూడండి. ఆర్చ్ కింది మూల, బాడీ మౌంట్ (బాడీని ఛాసిస్‌కు బిగించే చోటు), మడ్‌ఫ్లాప్ అక్కడే ఉంటాయి. తర్వాత ముందువైపు బంపర్ మూల, లోపలివైపు పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చెయ్యి) చూడండి. పై ఉదాహరణలో టైరు ముందూ వెనకా 14 మి.మీ. చొప్పున, రిమ్ మారకపోతే లోపలికీ బయటికీ 10 మి.మీ. చొప్పున పెరుగుతుంది. అది పోగా కనీసం ఒక వేలు దూరాలి.

ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని గట్టి ర్యాంపు మీదికి నెమ్మదిగా ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్న స్థితిలో మళ్లీ కొలవండి. చాలామంది వదిలేసేది ఈ కొలతే. గుంతలో పడ్డప్పుడు, మలుపులో బ్రేక్ వేసినప్పుడు టైరు తగిలేది కూడా ఈ స్థితిలోనే.

3. గట్ల రకం ఎంచుకోండి

వారంలో ఎక్కువ రోజులు తారురోడ్డు మీద తిరిగే బండికి అన్ని రకాల దారులకూ చేసిన ఆల్ టెర్రైన్ టైర్లు చాలు, ఇది నా గట్టి అభిప్రాయం. బురద కోసమే చేసిన మడ్ టెర్రైన్ టైరు బురదలో అద్భుతంగా పనిచేస్తుంది. కానీ తడి తారురోడ్డు మీద పట్టు తగ్గుతుంది, రొద ఎక్కువ, బరువూ ఎక్కువే. పైగా దాని భుజాల దగ్గర పొడుచుకొచ్చిన గట్లే ముందుగా రాసుకుంటాయి.

4. బిగించండి

సమతలం మీద హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఎత్తకముందే నట్లు కొద్దిగా వదులు చేయండి. ఎత్తాక స్టాండ్ తప్పనిసరి. హబ్ (చక్రం కూర్చునే భాగం) మీది తుప్పును బ్రష్‌తో తుడిచి, నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించి, ఎదురెదురు వరసలో బిగించండి. ఆఖరి బిగింపు బండి కిందికి దించాక, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో, టార్క్ రెంచ్‌తోనే. 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మరోసారి చూడండి.

5. రాపిడి పరీక్షించండి

స్టీరింగ్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి, ముందుకీ వెనక్కీ నడపండి. రివర్స్‌లో మాత్రమే తగిలే చోట్లు కూడా ఉంటాయి. ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ కొంచెం తగిలితే హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కొచ్చు, మడ్‌ఫ్లాప్ తీసేయొచ్చు. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు ఎక్కడా తగలకూడదు. ఇనుము తగిలిందంటే ఆ సైజు మీ బండికి వద్దు. కోసి సర్దుబాటు చేయకండి, దయచేసి.

6. మిగిలినవి

వీల్ అలైన్‌మెంట్ చేయించండి. లైట్ ట్రక్ తరగతి టైరుకు అదే బరువు మోయడానికి గాలి ఎక్కువ కావాలి. కాబట్టి తలుపు పక్క స్టిక్కర్‌లోని అంకె కాకుండా టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక చూడండి. పై ఉదాహరణలో స్పీడోమీటర్ 100 చూపిస్తే అసలు వేగం దాదాపు 103.5 ఉంటుంది, దాన్ని కొత్త సైజుకు తగ్గట్టు రీకాలిబ్రేట్ చేయించండి. బండి వేగం అందుకోవడం నెమ్మదిస్తుంది, బ్రేక్ దూరం పెరగొచ్చు, అందుకే మొదటి కొన్ని రోజులు ముందు బండికి దూరంగా నడపండి. మీ దగ్గరి రవాణా నిబంధనలు ఆ సైజును ఒప్పుకుంటాయో లేదో, బీమా సంస్థకు చెప్పాలో లేదో ముందే కనుక్కోండి.

స్టెప్నీ కూడా అదే సైజుది కొనండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం చిన్నదైతే ఆ ఒత్తిడంతా చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ మీద పడుతుంది. బండి కింద పాత స్టెప్నీ ఉండే చోట కొత్తది పడుతుందో లేదో కొలవడం మరిచిపోకండి.