ధర కోడ్‌లో, రంగు పేజీలో

పలాసలో ఓ జీడిపప్పు కొట్టుకి పైథాన్‌లో, ఫ్లాస్క్‌తో (వెబ్ పేజీలు నడిపే పైథాన్ సరంజామా) ధరల పేజీ నడుపుతున్నాను. షావుకారుగారికి రోజుకో రంగు కావాలి. ఆ రంగు కోసం లెక్కలు కట్టే కోడ్‌ని కదపడం నాకిష్టం లేదు. మీరూ ఇలా విడదీసుకోండి.

ప్రాజెక్టులో టెంప్లేట్స్ (పేజీల అచ్చులు) అనే ఫోల్డర్ పెట్టి హెచ్‌టీఎంఎల్ అంతా అందులో వేయండి. ఫ్లాస్క్ అక్కడే వెతుకుతుంది. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాల జీడిపప్పు ధరలు (ఆ అంకెలు పౌనుకి ఎన్ని పలుకులో చెప్పే లెక్క) పైథాన్ ఫంక్షన్ తెచ్చి, రెండర్ టెంప్లేట్ (అచ్చుని నింపి పేజీ చేసే ఫ్లాస్క్ ఫంక్షన్) చేతిలో పెట్టి తప్పుకోవాలి. పేజీలో జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పేరు రాస్తే అక్కడ జింజా (ఫ్లాస్క్ వాడే టెంప్లేట్ ఇంజిన్) విలువ నింపుతుంది. ఫ్లవర్ బ్రాకెట్, శాతం గుర్తు కలిపి ఫర్ రాస్తే రకానికో వరస వస్తుంది. దాన్ని ముగించే ఎండ్‌ఫర్ మరిచారో, పేజీయే రాదు.

తలకట్టు బేస్ పేజీలో ఒక్కసారే. మిగతావి ఎక్స్‌టెండ్స్‌తో దాన్ని వాడుకుంటాయి.

కామాలు పెట్టి ధర చూపడం పేజీ పని. పన్ను కలపడం మాత్రం కోడ్‌దే, ఇందులో మొహమాటం వద్దు.

ఎవరైనా పేరు గడిలో స్క్రిప్ట్ ట్యాగు (బ్రౌజర్‌లో కోడ్ నడిపేది) కొట్టినా, హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లలో ఫ్లాస్క్ దాన్ని ఉత్త అక్షరాలుగానే చూపిస్తుంది. సేఫ్ ఫిల్టర్ (దీన్ని ఉన్నదున్నట్టు నమ్మి చూపమనేది) తగిలించి ఆ కాపలా మీరే తీసేయకండి.