అటక మీది గిన్నెలు చదవండి

పాత ఇత్తడికి కిలో ఎంత ఇస్తారని అడిగే ముందు, అటక మీది గిన్నెలన్నీ దించి వాటి మీది పేర్లు చదవండి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చే గిన్నెల మీద పేర్లు కొట్టించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ సంగతి పట్టించుకోకుండా నేనొక గంగాళం అమ్మి కుక్కరు కొన్నాను. దాని మీద ఏం రాసి ఉందో ఇక తెలియదు. పిల్లలకు రాసివ్వడానికి నాకు పొలం లేదు, మిగిలిన గిన్నెల పేర్లే రాసిస్తున్నాను.

ముందు చింతపండు, ఉప్పు పట్టించి తోమండి. ఇసుక, ఇటుకపొడి వద్దు. చుక్కల అక్షరాలు ఇప్పటికే సగం అరిగి ఉంటాయి. ఆరాక ముగ్గుపిండి చల్లి, వేలితో రుద్ది, పైపైన తుడవండి. గుంటల్లో పిండి నిలిచి పేరు తెల్లగా కనిపిస్తుంది. అప్పటికీ కనిపించకపోతే సాయంత్రం కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో ఫోనుతో ఫొటో తీయండి.

ఇక గిన్నెను ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముందిలే" అంటారు. "ఈ పేరు ఎవరిది?" అంటే గంట మాట్లాడతారు. ఫోనులో రికార్డింగు నొక్కి పక్కన పెట్టేయండి. మా అత్తగారు ఒక మరచెంబును చాలాసేపు నిమిరి, అది మా మామగారి మేనత్త పెళ్లికి పుట్టింటివారు ఇచ్చిందన్నారు. పదకొండో ఏటే వితంతువై, ఆ చెంబుతోనే తిరిగొచ్చి, అన్నదమ్ముల పిల్లలందరినీ పెంచిందట. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలోనూ ఆమె లేదు.

తేదీలు అడిగి విసిగించకండి. మా అత్తగారికి పుట్టిన తేదీ తెలియదు, సంవత్సరం మాత్రం ఆంగీరస అంటారు. అంటే 1932-33. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి మనిషి వయసు చూసి తేల్చుకోవాలి. దివిసీమ వాళ్లనైతే "1977 ఉప్పెనకు ముందా, తర్వాతా?" అని, గోదావరి వాళ్లనైతే 1986 వరద గుర్తుచేసి అడగండి.

విన్నది నోటుపుస్తకంలో రాసి, అదే చిన్న కాగితం మీద కూడా రాసి, మడిచి ఆ గిన్నెలోనే వేయండి.

పంపకాలప్పుడు బరువు చూడకండి. ఏ గిన్నె కథ ఎవరు తప్పుల్లేకుండా చెబితే అది వాళ్లది. మా చిన్నవాడు మరచెంబు గెలుచుకున్నాడు. మర అరిగిపోయింది, మూత బిగుసుకోదు.