రెండు ఇన్‌స్టెన్స్‌ల మధ్య ధ్రువీకరణ విఫలమైతే ఎక్కడ వెతకాలి

రెండు ఇన్‌స్టెన్స్‌ల (విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ వ్యవస్థల) మధ్య నిన్నటిదాకా సాఫీగా సాగిన అనుసంధానం ఉన్నట్టుండి లాగిన్ లోపంతో ఆగిపోతే, చాలామంది మొదట సర్వీస్ ఖాతా (మనిషి కాక ప్రోగ్రామ్ లాగిన్ అయ్యే ఖాతా) పాస్‌వర్డ్ మార్చేస్తారు. దయచేసి ఆ పనిని చివరికి ఉంచుకోండి. అదే ఖాతాను వాడే మిగతా అనుసంధానాలూ తెగిపోతాయి. పాత పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నించే జాబ్‌ల (తమంతట తాము నడిచే పనుల) వల్ల ఖాతా లాక్ అయి, అసలు కారణం మరింత మరుగున పడుతుంది.

ముందుగా అభ్యర్థనను అందుకునే సర్వర్ లాగ్ చూడండి. పంపే వైపుకు క్లుప్తమైన సందేశమే వస్తుంది, తిరస్కరణకు కారణం సాధారణంగా అవతలి లాగ్‌లోనే ఉంటుంది. అక్కడ ఆ సమయానికి ఏ నమోదూ లేకపోతే అభ్యర్థన చేరనే లేదేమో అనుమానించి, దారి మధ్యలో ఉండే ప్రాక్సీని, ఫైర్‌వాల్‌ను పరీక్షించాలి. సర్వర్ జవాబులో 401 అనే లోపం కోడ్ వస్తే పంపినవారి గుర్తింపు రుజువు కాలేదని, 403 వస్తే అనుమతుల దగ్గర వెతకాలని గ్రహించండి. టోకెన్లతో (తాత్కాలిక డిజిటల్ అనుమతి పత్రాలతో) ప్రవేశమిచ్చే ఓఆథ్ 2.0 పద్ధతిలో ‘ఇన్‌వాలిడ్ క్లయింట్’ అంటే క్లయింట్ ఐడీలోనో రహస్య కీలోనో తేడా ఉందని. ‘ఇన్‌వాలిడ్ గ్రాంట్’ అంటే చాలాసార్లు, కొత్త టోకెన్ తెచ్చుకోవడానికి వాడే రిఫ్రెష్ టోకెన్ గడువు తీరిందని లేదా రద్దయిందని.

ఎవరూ ఏమీ మార్చలేదంటున్నా విఫలమవుతుంటే రెండు సర్వర్ల గడియారాలను పోల్చండి. టోకెన్‌లో జారీ సమయం, గడువు రాసి ఉంటాయి కనుక, జారీచేసిన సర్వర్ కాస్త ముందుంటే అందుకునే సర్వర్‌కు ఆ టోకెన్ ఇంకా చెల్లుబాటులోకి రానట్టే కనిపిస్తుంది. కెర్బరోస్ అనే ధ్రువీకరణ పద్ధతిలో సాధారణంగా 5 నిమిషాల తేడా వరకే సహిస్తారు. గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ సేవ నడుస్తోందో లేదో చూడటం ఒక్క నిమిషం పని.

ప్రొడక్షన్ (అసలు వాడుకలో ఉన్న) ఇన్‌స్టెన్స్‌ను టెస్ట్‌పైకి క్లోన్ చేశాక, అంటే యథాతథంగా నకలు చేశాక వచ్చే వైఫల్యాలు వేరు. టెస్ట్‌కు ప్రత్యేకంగా పెట్టిన చిరునామాలు, కీలు చెరిగిపోయి ప్రొడక్షన్ విలువలు వచ్చి కూర్చుంటాయి. ఇది ప్రమాదకరం కూడా, ఎందుకంటే ధ్రువీకరణ విజయవంతమైతే టెస్ట్ డేటా నేరుగా అసలు వ్యవస్థలోకి వెళ్తుంది. అందుకే క్లోన్ ముగిసీ ముగియగానే బయటికి వెళ్లే అనుసంధానాలన్నీ నిలిపివేసి, ఒక్కొక్కటిగా సరిచూసి తెరవండి.

సర్వర్ గుర్తింపును చాటే సర్టిఫికెట్ విషయంలో బ్రౌజర్‌ను నమ్మవద్దు. సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్మకమైన మూల సర్టిఫికెట్‌తో కలిపే మధ్యంతర సర్టిఫికెట్‌ను అవతలి సర్వర్ పంపకపోయినా బ్రౌజర్ దాన్ని తానే సమకూర్చుకోగలదు, సర్వర్ ప్రోగ్రామ్ చాలావరకు ఆ పని చేయదు. కాబట్టి పరీక్షను పంపే సర్వర్ నుంచే, అదే ఖాతాతో, ఒకే ఒక్క అభ్యర్థనతో చేసి, ఆ నిమిషపు లాగ్‌ను రెండు వైపులా పక్కపక్కన పెట్టి చదవండి.