హైదరాబాద్ నుంచి లండన్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టడం ఎలా?

దూరం లెక్క తేలికే, తిరకాసంతా సమయం దగ్గరే.

ముందుగా రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి. శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. హీత్రూ: 51.47 ఉత్తరం, 0.45 పడమర. ఇవి డిగ్రీలు, నిమిషాల్లో దొరికితే నిమిషాలను 60తో భాగించాలి. 17 డిగ్రీల 14 నిమిషాలంటే 17.14 కాదు, 17.23. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలను కూడాలి: 78.88. ఎక్కువమంది ఇక్కడే తీసివేసి తప్పులో కాలేస్తారు.

ఇక సూత్రం: రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధానికి, వాటి కొసైన్‌లనూ రేఖాంశాల తేడా (పైన వచ్చిన 78.88) కొసైన్‌నూ గుణిస్తే వచ్చేది కలపాలి. 0.232 + 0.115 = 0.347. దీని విలోమ కొసైన్ 69.7 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున 7,750 కిలోమీటర్లు. క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే జవాబుకు తలాతోకా ఉండదు, డిగ్రీలకు మార్చుకోండి. గోడ మ్యాప్ మీద స్కేలు పెట్టి మాత్రం కొలవొద్దు. గ్లోబు మీద దారం బిగించి చూసినా అంతకంటే నయం.

విమానం ఈ గీత మీదే పోదు. మూసిన గగనతలాలు, వాతావరణం తప్పించుకోవాలి కాబట్టి 5 శాతం కలపండి: సుమారు 8,140. పాకిస్తాన్ 2025 ఏప్రిల్‌లో చేసినట్టు దారి మూసేస్తే, ఆ నిషేధం వర్తించే సంస్థల విమానాలకు ఇది ఇంకా పెరుగుతుంది.

పెద్ద జెట్ వేగం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు. ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. లండన్ వెళ్లేటప్పుడు ఎదురుగాలికి సగటున 60 తీసేస్తే 840, అంటే 9 గంటల 40 నిమిషాలు. విమానం రన్‌వే దాకా మెల్లగా సాగడం, గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం కోసం అరగంట కలిపితే 10 గంటల 10 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో గాలి తోడై దాదాపు గంట తగ్గుతుంది. శీతాకాలంలో గాలి జోరెక్కువ, తేడా ఇంకా పెరగొచ్చు.

గాలి బలమెంతో చూడాలంటే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో చాలు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా అట్లాంటిక్ దారి వదిలి పసిఫిక్ మీదుగా వెళ్లింది. సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువైనా గాలి తోడై ముందే చేరింది.

టికెట్ మీది వేళలు స్థానిక కాలమానంలో ఉంటాయి. వాటిని నేరుగా తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా నాలుగున్నర గంటలే. ఉదయం 7.30కి బయల్దేరి 10 గంటల 10 నిమిషాలు ఎగిరితే మన సాయంత్రం 5.40, అక్కడ చలికాలంలో మధ్యాహ్నం 12.10.

దుబాయ్‌లో మారితే రెండు అంచెలూ విడిగా లెక్కకట్టండి: 2,545 + 5,497. నేరు దారికంటే 300 కిలోమీటర్లే ఎక్కువ. ఆలస్యమంతా అక్కడి నిరీక్షణలోనే.